చుక్కల్లో అన్నెవరు, తమ్ముడెవరు

“తేలలేదండీ” అని చుక్కల సారు మైకులో అనగానే మా మేనత్త చేతిలోని తాంబూలం పళ్ళెం గాల్లోనే ఆగిపోయింది. రావికమతం దగ్గరి ఆ జీడితోట నిండా జనం. కింద చోటు చాలక కొమ్మలెక్కినవాళ్ళు కూడా ఉన్నారు. ముందు వరసలో ఎస్.రాయవరం నుంచి వచ్చిన కాబోయే వియ్యంకుడు, ఆయన పక్కన మా ప్రాంతపు నాయకుడొకాయన, వాళ్ళ వెనక పుల్లయిసు బండి. ఆకాశంలో రోహిణి దిక్కున ఎక్కడో ఉన్న రెండు పసి నక్షత్రాల్లో ఏది ముందు పుట్టిందో తేలితే, దాన్నిబట్టి మా మేనత్త కొడుకులిద్దరిలో అన్నెవరో తేలుతుంది. అది తేలితే ఒక పెళ్ళి జరుగుతుందో లేదో తేలుతుంది. ఇంత బరువు తమ మీద ఉందని ఆ నక్షత్రాలకు తెలియదు. తెలిసిన చుక్కల సారు మాత్రం మెడలో బంతిపూల దండతో చెమటలు కక్కుతూ నిలబడ్డారు.

నర్సీపట్నానికి టీవీ ఇంకా రాని కాలమది. ఎనభైల మొదటి సంవత్సరాలు. వింత చూడాలంటే సినిమా హాలుకైనా వెళ్ళాలి, బస్టాండుకైనా వెళ్ళాలి. సైన్సు అంటే మాత్రం అందరికీ అపారమైన గౌరవం ఉండేది. దగ్గరగా చూడని వాటి మీద ఉండే గౌరవం అది. నేనప్పుడు విశాఖ నుంచి వచ్చే ఒక దినపత్రికకు నర్సీపట్నం విలేకరిని. విలేకరి అన్నది నేను చెప్పుకునే మాట. మేనత్త భర్త, మా మావయ్య లెక్కలో నేను ఖాళీగా తిరగడానికి పేపరోళ్ళ దగ్గర లైసెన్సు పుచ్చుకున్నవాణ్ని. ఏజెన్సీ రోడ్డులో లారీ బోల్తా, చెరకు తూకంలో రైతుల అసంతృప్తి, ఫలానావారి సుడిగాలి పర్యటన, వీటినే తిరగేసి బోర్లేసి రాసి, కవర్లో పెట్టి, మధ్యాహ్నం విశాఖ బస్సు కండక్టరు చేతికిచ్చేవాణ్ని. ఆయన దాన్ని అక్కడ దింపడం మరిచిపోతే ఆ రోజు మా ఊళ్ళో ఏమీ జరగనట్టే. ప్రపంచాన్ని కుదిపే వార్త ఒకటి నా చేతి మీదుగా వెళ్ళాలని నాకు గట్టి కోరిక ఉండేది. (ప్రపంచానికి అలాంటి కోరిక ఉన్న జాడలేవీ కనిపించలేదు.)

మా మేనత్తకు కవలలు. చదువుకునేప్పుడు పెట్టిన పేర్లు వేరే ఉన్నాయిగానీ, ఊళ్ళో అందరూ ముందు పుట్టినవాణ్ని ముందోడనీ, వెనక పుట్టినవాణ్ని ఎనకోడనీ పిలిచేవారు. ఇద్దరూ నాకు బావలే. ఒకే అచ్చులో పోసిన బెల్లం దిమ్మల్లా ఉండేవారు. ఒకరి వెనక ఒకరు పుట్టడానికి మధ్య మంత్రసాని చెయ్యి కడుక్కునేంత వ్యవధి కూడా లేదంటారు. అయినా ముందోడు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అన్న హోదా వెలగబెడుతున్నాడు. సైకిలు తొక్కేది వాడు, వెనక కూర్చునేది వీడు. కోడికూరలో కాలు వాడికి, మెడ వీడికి. ఎనకోడు దీన్నెప్పుడూ పట్టించుకోలేదు, ఎస్.రాయవరంలో సైన్సు మేస్టారి అమ్మాయిని చూసేదాకా.

పెళ్ళిచూపులకు అన్నదమ్ములిద్దరూ వెళ్ళారు. మేస్టారు కూతుర్ని లోపలికి పిలిచి ఎవరమ్మా అని అడిగితే, ఆ అమ్మాయి ఆలోచించకుండా ఎనకోణ్ని చూపించిందట. “ఇద్దరూ ఒకలాగే ఉన్నారు కదమ్మా” అని ఆయన ఆశ్చర్యపోతే, “ఆయన మాటాడితే మనం ఇనాలి నాన్నా. ఈయన మనం మాటాడితే ఇంటన్నాడు” అందట. అక్కడిదాకా బాగానే ఉంది. చిక్కు ఆ తరవాత వచ్చింది. అన్న కూర్చుని ఉండగా తమ్ముడికి పిల్లనిస్తే ఊళ్ళో నవ్వుతారని మేస్టారు అడ్డం తిరిగారు. పోనీ ముందు ముందోడికి చేసేద్దామంటే, వాడు లారీ కొన్నాకే లగ్గమని భీష్మించుకుని కూర్చున్నాడు. లారీ ఎప్పుడు కొంటాడో లారీలు చేసేవాళ్ళకు కూడా తెలియదు. మేస్టారి చేతిలో తుని సంబంధం ఒకటి తయారుగా ఉంది. వైశాఖం లోపల ఇటు తేలకపోతే అటు ఖాయం చేసేస్తానని కబురు పంపారు. ఎనకోడు అన్నం మానేశాడు. మానేసి చెరకుతోటలో కూర్చుని చెరకు తినేవాడు.

ఆ సమయంలో రంగంలోకి దిగింది మామ్మ, అంటే మా మేనత్తకు అత్తగారు. కవలల్లో వెనక పుట్టినవాడే పెద్దవాడని మా వైపు ముసలివాళ్ళకు ఒక నమ్మకం. లోపల ముందు పడినవాడు అడుగున ఉంటాడట, అందుకని వెనక బయటికొస్తాడట. మామ్మ దాన్ని కాలానికి తగ్గట్టు మార్చి చెప్పింది. “నర్సీపట్నం బస్సు సూడు. ముందెక్కినోడు లోనకెల్లి సీట్లో కూకుంటాడు. ఆకర్నెక్కినోడు గుమ్మంలో యేలాడతాడు. రావికమతంలో ముందు దిగేదెవుడు? గుమ్మంలోనోడు. ఆడు ముందెక్కినాడని అంటామేటి?”

మావయ్య చుట్ట ఆర్పి, “మరి ఎనక్కూడా తలుపుంటేనో?” అన్నాడు.

“నీయమ్మని నానున్నాను కదరా, నన్నడుగు. ఉంటే సెప్పనేటి?” అంది మామ్మ.

మావయ్య చుట్ట మళ్ళీ వెలిగించుకున్నాడు. ముందోడు మాత్రం ఒప్పుకోలేదు. “ఇన్నాళ్ళూ అన్నయ్యనై ఉండి, ఇప్పుడు బస్సెక్కించి నన్ను తమ్ముణ్ని సేసెత్తారా? రేపు ఆడు నన్ను ఏరా అంటాడు. ఊళ్ళో తలెత్తుకోనేటి?” అని గొడవ. మేస్టారికి బస్సు సిద్ధాంతం కబురు పెడితే, “ఇది మూఢనమ్మకం. శాస్త్రీయమైన ఆధారం చూపించండి, ఇప్పుడే తాంబూలాలు పుచ్చుకుంటాను” అన్నారు. అన్నెవరో తేలేదాకా పిల్లనివ్వకపోవడం ఆయన దృష్టిలో మూఢనమ్మకం కిందికి రాదు.

సరిగ్గా అప్పుడు వచ్చారు చుక్కల సారు. దక్షిణాదిన కొండల మీదెక్కడో ఆకాశంలోంచి వచ్చే రేడియో తరంగాలు వినే కేంద్రంలో పని చేస్తారట. గుంటూరు వైపు మనిషి. డీజిలు జీపు, దాని నిండా ఇనప చువ్వలు, తీగలు. పెద్ద రేడియో టెలిస్కోపు పెట్టడానికి ఊళ్ళ రొద లేని చోటు వెతుకుతూ కొండల అంచున ఉన్న మా ప్రాంతానికి వచ్చారు. చుట్టూ చిన్న కొండల్లాంటి మెట్టలు అడ్డం ఉన్నాయని మావయ్య జీడితోట ఆయనకు నచ్చింది. తోటకు ఈ చివరొక యాంటెన్నా, ఆ చివరొక యాంటెన్నా నిలబెట్టి మధ్య తీగ లాగారు. టీవీ వచ్చేసిందని ఊరంతా పరిగెత్తుకొచ్చి, బొమ్మ రాకపోయేసరికి ఆయన్ని అనుమానంగా చూసి వెళ్ళిపోయింది. మేనత్త ఒక్కతే ఆ తీగను చూసి సంతోషించి చీరలు ఆరేసింది. ఆయన చేతులు జోడించి తీయించారు.

నేను వార్త కోసం వెళ్ళిన రోజున ఆయనకు మావయ్య ఇంట్లోనే భోజనం. పప్పులో జీడిపప్పు వేశారు. మామ్మ విసనకర్రతో ఎదురుగా కూర్చుంది. “పగలు సుక్కలేటి బాబూ, సూత్తావు?” అని అడిగింది.

“చూడను మామ్మగారూ, వింటాను. వెలుగు కాదు మాకు కావలసింది, రేడియో తరంగాలు. వాటికి పగలూ రాత్రీ ఒకటే. రోహిణి దిక్కున దుమ్ము మబ్బుల్లో కొత్తగా నక్షత్రాలు పుడుతున్నాయి. అందులో ఒకటనుకున్నది నిజానికి రెండు. జంటగా పుట్టాయి, ఇంకా పసివి.”

“పసివంటే ఎన్నేళ్ళు?”

“ఒక పది లక్షల ఏళ్ళుంటాయి.”

మామ్మ విసనకర్ర ఆపి మనవలిద్దరినీ ఒకసారి చూసి, “ఈళ్ళకీ అన్నే ఉన్నట్టున్నాయి, బుద్ధి రానేదు” అంది. తరవాత అసలు ప్రశ్న వేసింది. “ఆలిద్దరిలో పెద్దోడెవుడు బాబూ?”

ఆయన అన్నం కలుపుతూ చాలా మామూలుగా, “అదే తెలుసుకోవాలని మా ప్రయత్నం” అన్నారు.

వడ్డిస్తున్న మేనత్త గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మావయ్య పొలమారి దగ్గాడు. ఎందుకంటే మా బావలు పుట్టింది కూడా రోహిణి నక్షత్రంలోనే. వాళ్ళ జన్మనక్షత్రం దిక్కునే కవల నక్షత్రాలు పుట్టడం, వాటిలో పెద్దెవరో తేల్చే మనిషి వాళ్ళ తోటలోనే దిగి వాళ్ళ పప్పే తినడం, దీన్ని కాకతాళీయం అని కొట్టేసే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. (నాకూ లేదు. నాకు శీర్షిక కనిపిస్తోంది.) ఒకటి దుమ్ములో బాగా చుట్టుకుపోయి ఉందని, అందుకని అది ఇంకా పసిదేమో అనిపిస్తుందని, కానీ అలా అని చెప్పలేమని, ఈ చిన్న యాంటెన్నాలు చోటు పరీక్షించడానికేనని, పెద్దవి వస్తేగాని అసలు పని జరగదని ఆయన ఇంకా చాలా చెప్పారు. ఆ భాగం ఎవరూ వినలేదు.

మర్నాడే సైన్సు మేస్టారు వచ్చారు. యాంటెన్నాల చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగారు. “అయ్యా, మీ యంత్రం వయసు నిర్ణయిస్తుందా?” అని అడిగారు. “ఒకనాటికి నిర్ణయించాలని ఆశండీ” అన్నారు సారు. మేస్టారు తల పంకించి మావయ్యతో, “బావగారూ, సైన్సు ఏది చెబితే నాకదే. ఆకాశంలో ముందు బయటపడి కనిపించేదే పెద్దదైతే మీ ముందోడు అన్న. దుమ్ము వెనక ఉన్నది పెద్దదైతే ఎనకోడు అన్న. ఇక మాట లేదు” అన్నారు. ముందోడు కూడా ఒప్పుకున్నాడు. బస్సు చేతిలో ఓడిపోవడం నామోషీగానీ, నక్షత్రాల చేతిలో ఓడిపోతే పరవాలేదని వాడి లెక్క. చుక్కల సారుకు మాత్రం ఈ ఒప్పందం సంగతి ఎవరూ చెప్పలేదు. పెద్దమనిషిని చిన్న విషయాలతో ఇబ్బంది పెట్టడం దేనికని.

నేను వార్త రాశాను. ప్రశాంతమైన చోటు కోసం అన్వేషణ అని రాశాను. కండక్టరు ఆ రోజు కవరు దింపాడు. విశాఖలో డెస్కు మీద కూర్చున్నాయన దాన్ని కత్తిరించి, “కవలల్లో పెద్దెవరు? జీడితోటలో తేలనున్న రహస్యం” అని పెట్టాడు. నా పేరున అచ్చయిన వార్తల్లో మొదటి పేజీకెక్కింది అదొక్కటే. తోటకు జనం మొదలయ్యారు. కవలల్ని కన్న తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. మోటారు సైకిళ్ళ మీద వచ్చినవాళ్ళను చూస్తే సారుకు ప్రాణం పోయేది. పెట్రోలు ఇంజన్లలో పుట్టే నిప్పురవ్వ ఒక్కటి చాలట, ఆయన కాగితం మీద నడిచే కలం పిచ్చెక్కినట్టు గంతులేయడానికి.

అప్పుడు వచ్చారు మా నాయకుడు. ఎవరికి ఏది కావాలన్నా ఏర్పాటు చేయించడం ఆయన వ్యసనం. “సార్, మీకేటి కావాలో సెప్పండి.”

“నిశ్శబ్దం కావాలండీ.”

“ఎంత కావాల?”

సారు తికమకపడి, “ఒక్క మధ్యాహ్నం చాలు” అన్నారు.

“అంతేనా? గ్రాండుగా సేయించెత్తాం.”

చేయించారు. ఆ మధ్యాహ్నాన్ని నిశ్శబ్ద దినంగా ప్రకటించారు. ఒక కమిటీ వేశారు. రెండు ఆటోలకు మైకులు కట్టి, నర్సీపట్నం నుంచి రావికమతం దాకా, “మహాజనులకు మనవి. ఆకాశ పరిశోధన నిమిత్తం ఎవరూ చప్పుడు చేయరాదు” అని ఉదయం నుంచీ అరిపించారు. రొద లేకుండా ఉండడం కోసం ఆ వైపంతా కరెంటు తీయించారు. కరెంటు లేనిదే సభకు మైకు పనిచేయదు కాబట్టి పెట్రోలు జనరేటరు తెప్పించి, అది సభవారికి వినపడకూడదని దూరంగా, అంటే సరిగ్గా యాంటెన్నా పక్కన పెట్టించారు. మిషను చర్చి పాస్టరుగారు ఒక్కరే ఏ కమిటీలోనూ చేరకుండా, ఆ రోజు మధ్యాహ్నం ప్రార్థనకు మైకు పెట్టకుండా, గంట కొట్టకుండా ఊరుకున్నారు. అందుకని ఆయన పేరు ఎక్కడా రాలేదు.

సభ మొదలైంది. నిశ్శబ్దం గొప్పతనం మీద నాయకుడు చాలాసేపు మాట్లాడారు. సారు జీపులో కూర్చుని పెట్టె ముందు తల పట్టుకున్నారు. కలం కాగితాన్ని చింపేలా ఉంది. సైన్సు మేస్టారు ఉత్సాహం ఆపుకోలేక చెవులకు పెట్టుకునే గొట్టాలు అడిగి పెట్టుకుని, కళ్ళు మూసుకుని విని, “ఇద్దరూ వినిపిస్తున్నారు. ఒకడు గట్టిగా ఏడుస్తున్నాడు” అన్నారు.

“అది జనరేటరండీ” అన్నారు సారు.

“రెండో గొంతు?”

“దాని సైలెన్సరు పగిలింది.”

ఇంతలో నాయకుడు సారును వేదిక మీదికి రప్పించి దండ వేసి, పెళ్ళి ఒప్పందం సంగతి అప్పుడు చెవిలో వేసి, ఫలితం ప్రకటించమన్నారు. అప్పుడు నిజంగా నిశ్శబ్దం వచ్చింది. జనరేటరు ఒక్కటే మోగుతోంది. మేనత్త తాంబూలం పళ్ళెం ఎత్తి పట్టుకుంది. ఎనకోడు ఒక జీడిచెట్టు మొదలు పట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళ వైపు సైన్సు మేస్టారి అమ్మాయి తల్లి పక్కన కూర్చుని ఉంది. (తోట చూడ్డానికి వచ్చిందని చెప్పారు. ఆ అమ్మాయి చెట్లవైపు చూడగా నేను చూడలేదు.)

“తేలలేదండీ” అన్నారు సారు. “ఇవాళ కాగితం మీద పడింది నక్షత్రాల సంగతి కాదు, జనరేటరు సంగతి. జనరేటరు జంట కాదు, ఒక్కటేనని మాత్రం గట్టిగా చెప్పగలను. ఆ రెండు నక్షత్రాలూ ఒకే మబ్బులో పుట్టాయి. ఒకటి పెద్దదిలా కనిపిస్తుంది, ఒకటి పసిదిలా కనిపిస్తుంది. నిజంగా పసిదో, దుమ్ము చాటున ఉండడం వల్ల అలా అనిపిస్తోందో ఎవరికీ తెలియదు. పెద్ద యాంటెన్నాలున్న దేశాలవాళ్ళకు కూడా.”

మేస్టారు లేచి కండువా సర్దుకున్నారు. “అయితే తుని వాళ్ళకి కబురంపుతాను” అన్నారు. ఎనకోడు చెట్టు వదిలేసి కింద కూర్చున్నాడు. ఆ మొహం చూస్తే నాకు వార్త సంగతి మొదటిసారి మరపుకొచ్చింది.

“నాన్నా” అంది మేస్టారి అమ్మాయి. పెద్దగా అనలేదుగానీ, వేదిక మీద మైకు దగ్గరలోనే ఉంది, అందరికీ వినిపించింది. “తెలీదని సైన్సు సెప్పినాక తమ్ముడని మీరెలా అంటారు? పరీచ్చలో తెలీకుండా రాసినోళ్ళకి మీరే కదా సున్నాలెడతారు.”

మేస్టారు ఆకాశంవైపు చూశారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన వేసిన సున్నాలన్నీ తిరిగొచ్చి ముందు నిలబడ్డట్టున్నాయి. సర్దుకున్న కండువా తీసి కుర్చీ మీద వేసి, “రుజువు కాలేదు కనక ఈ అబ్బాయి తమ్ముడని చెప్పడానికి వీల్లేదు. తమ్ముడని చెప్పలేనప్పుడు పిల్లనివ్వననడానికీ వీల్లేదు” అన్నారు.

ముందోడు గబగబా ముందుకొచ్చాడు. “మరి నాను అన్నయ్యనేనా, కాదా?”

“కాదని కూడా రుజువు కాలేదు” అన్నారు మేస్టారు.

“అలగైతే బేగి కానియ్యండి” అని వాడే మేనత్త చేతిలోని పళ్ళెం అందుకుని ఆయన చేతిలో పెట్టాడు. మామ్మ మాత్రం, “తెలీదు తెలీదని సెప్పడానికి ఇంత సామానెందుకో” అని గొణిగింది.

మర్నాడు పత్రికలో “నిశ్శబ్దం నేటి అవసరం: నాయకుని పిలుపు” అని ఫొటోతో సహా వచ్చింది. నక్షత్రాల పెద్దరికం తేలలేదని నేను పంపిన వార్త రాలేదు. ఏదో ఒకటి తేలితే పంపమని డెస్కు నుంచి కబురు. చుక్కల సారు పెళ్ళి భోజనం చేసి, యాంటెన్నాలు విప్పుకుని వెళ్ళిపోయారు. వెళ్ళేముందు నాతో అన్నారు: “మీ జనం చాలా ఆదరంగా ఉన్నారు. అందుకని ఈ చోటు పనికిరాదు.” పెద్ద టెలిస్కోపు మా మెట్టల మధ్యకు రాలేదు. ఏడాది తిరిగాక టీవీ వచ్చింది. అప్పట్నుంచీ అందరూ ఒకేవైపు తిరిగి కూర్చోవడం నేర్చుకున్నారు.

ఇప్పుడు నా బావలిద్దరూ తాతలయ్యారు. ఎవరింట్లో వాళ్ళు అన్న. కలుసుకున్నప్పుడు ఒకర్నొకరు “ఏటోయ్” అనుకుంటారు, అందులో ఏ వరసా లేదు. నేను పేపరు ఉద్యోగం మానేసి చాలాకాలమైంది. అన్నిటినీ రేపటి పత్రికలోకల్లా తేల్చెయ్యాలని బస్టాండుకి పరిగెత్తిన ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దుగా కూడా ఉంటుంది. అలాంటి తొందర మళ్ళీ నాకు రాలేదు. ఇవాళ ఎక్కడో ఎత్తైన ఎడారుల్లో బారులు తీరిన రేడియో టెలిస్కోపులు పసి జంట నక్షత్రాల చుట్టూ ఉన్న దుమ్ము వలయాలను కూడా విడివిడిగా చూపిస్తున్నాయని చదువుతున్నాను. ఒకే మబ్బులో పుట్టిన జంటల్లో చాలావాటికి ఒకే వయసుంటుందని పండితులు అంటున్నారు. కొన్ని జంటల్లో మాత్రం ఒకటి రెండోదానికంటే పసిదిగా కనిపిస్తూనే ఉంది. అది నిజంగా వెనక పుట్టిందా, లేక లెక్క వేసే పద్ధతిలోనే ఏదో లోపముందా అన్న దాని మీద వాళ్ళకింకా ఏకాభిప్రాయం లేదు.